వంశవృక్షంలో లేని పూర్వికులు: క్వియర్ కుటుంబచరిత్ర నిర్మాణంలో సృజనాత్మక కళలు

వ్యాససంగ్రహం:

కుటుంబచరిత్ర సాధారణంగా వివాహం, సంతానం, ఆస్తి వారసత్వం అనే మూడు ఆధారాల మీద నిర్మితమవుతుంది. ఈ మూడింటికీ వెలుపల జీవించిన భిన్న లైంగికతలవారు, భిన్న లింగ అస్తిత్వాలవారు వంశవృక్షాల్లో కనిపించరు. కనిపించినా, వారి జీవితంలోని ముఖ్యమైన అనుబంధాలు అక్కడ నమోదు కావు. అటువంటి పూర్వికులను వెదికే క్రమంలో చలనచిత్రం, ఛాయాచిత్రం, చిత్రకథ, ఆత్మకథ, ప్రదర్శన కళలు ఎటువంటి పద్ధతిని రూపొందించాయో ఈ వ్యాసం వివరిస్తుంది. షెరిల్ డున్యే చలనచిత్రం 'ది వాటర్‌మెలన్ వుమన్' (1996), ఏలిసన్ బెక్‌డెల్ చిత్రకథ 'ఫన్ హోమ్' (2006) ఇందులో ప్రధాన ఉదాహరణలు. రక్తసంబంధంతో నిమిత్తం లేని గురు-చేలా పరంపరను కూడా పరిశీలించి, తెలుగు కుటుంబచరిత్రకు ఈ పద్ధతి ఎంతవరకు అన్వయిస్తుందో చర్చిస్తుంది. కల్పన ఎన్నటికీ ఆధారం కాదని, అయితే తాను కల్పననని స్పష్టంగా చెప్పుకొనే రచన ఆధారాలు ఎందుకు లేకుండా పోయాయో చూపగలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్వియర్ అధ్యయనాలు, కుటుంబచరిత్ర, వంశవృక్షం, అభిలేఖాగారం, విమర్శాత్మక కల్పన, గురు-చేలా పరంపర, బుర్రకథ.

1. ఉపోద్ఘాతం:

అమావాస్య తర్పణంలో కర్త తన తండ్రి, తాత, ముత్తాతల పేర్లను గోత్రంతో సహా ఉచ్చరించి తిలోదకాలు వదులుతాడు. విధి ముగిసే ముందు, తన వంశంలో పుత్రులు లేక మరణించినవారందరికీ కలిపి వస్త్రం పిండిన నీటిని సమర్పిస్తాడు. ఈ రెండో వర్గంవారికి పేర్లు ఉండవు. వారిని పూర్తిగా మరిచిపోలేదు. కానీ ఒక్కొక్కరిగా గుర్తుంచుకోలేదు. కుటుంబస్మృతి ఎవరిని ఎలా నిలుపుకుంటుందో ఈ చిన్న విధి తెలియజేస్తుంది.

రెడ్ల గోత్రాలను, వంశక్రమాలను గానం చేసే పిచ్చుకుంట్లవారి కథనంలోనూ, ఆస్తి వ్యాజ్యాల కోసం తయారుచేసే వంశవృక్షాల్లోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. ఎవరికి ఎవరు పుట్టారన్నదే అక్కడ ప్రధానమైన ప్రశ్న. వివాహం, సంతానం లేనివారి దగ్గర గీత ఆగిపోతుంది. వారు ఎవరిని ప్రేమించారు, ఎవరితో కలిసి బతికారు, వారి చివరి రోజుల్లో ఎవరు సేవ చేశారు అనే ప్రశ్నలకు ఆ పటంలో చోటు లేదు.

ఆంగ్లంలో ఒకప్పుడు నిందావాచకంగా ఉన్న 'క్వియర్' అనే మాటను 1980ల చివరినుంచి ఆ సమూహాలవారే ఆత్మగౌరవ పదంగా స్వీకరించారు. స్త్రీపురుష వివాహమే సహజమనే కట్టుబాటుకు వెలుపల ఉన్న లైంగికతలను, లింగ అస్తిత్వాలను కలిపి చెప్పడానికి ఈ వ్యాసంలో ఆ పదాన్నే వాడుతున్నాను. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అవివాహితులందరూ క్వియర్ వ్యక్తులు కారు. అలాగే వివాహమై, సంతానం ఉన్నవారందరూ ఆ కట్టుబాటుకు లోబడి జీవించారనీ చెప్పలేం.

ఈ అన్వేషణ కేవలం పాండిత్య విషయం కాదు. "మన ఇళ్ళలో ఇటువంటివారు ఎన్నడూ లేరు" అన్న మాటతోనే నేటికీ ఎందరో యువతీయువకులను సొంత ఇంటిలో పరాయివారిని చేయడం జరుగుతోంది. ఆ మాట ఒక చారిత్రక ప్రతిపాదన. కాబట్టి అది ఏ ఆధారాల మీద నిలిచిందో పరిశీలించవలసిన బాధ్యత పరిశోధకులపై ఉంది.

2. ఆధారాల స్వభావం:

కుటుంబం విడిచిపెట్టినవారిని రాజ్యం కొన్నిసార్లు నమోదు చేసింది. అయితే అది చేసింది అనుమానంతో. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం రెండో భాగం అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ చట్టం 'యూనక్' అనే పేరుతో పేర్కొన్నవారిలో బాలుర అపహరణ, అంగచ్ఛేదం వంటి నేరాలకు పాల్పడుతున్నారని అనుమానించినవారి పేర్లను, నివాసాలను పట్టికలో చేర్చాలని ఆదేశించింది. వారి ఆస్తి వివరాలు అడిగే అధికారాన్ని ప్రభుత్వాధికారులకు ఇచ్చింది. పట్టికలో చేరినవారు మైనర్లకు సంరక్షకులుగా ఉండకూడదని, దానం ఇవ్వకూడదని, వీలునామా రాయకూడదని, దత్తత తీసుకోకూడదని నిషేధించింది.

నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, ఇటువంటి చట్టమే వచ్చింది. అది కూడా పట్టికను నిర్వహించాలని చెప్పింది. పట్టికలో ఉన్నవారు బహిరంగ ప్రదేశాల్లో స్త్రీ వేషధారణతో కనిపించినా, ఆడిపాడినా వారంటు లేకుండా అరెస్టు చేసే అవకాశం కల్పించింది. తెలంగాణ యూనక్స్ చట్టంగా వ్యవహారంలో ఉన్న ఈ శాసనం రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టివేసింది. అంటే, గణతంత్రం ఏర్పడి ఏడు దశాబ్దాలు గడిచిన తరువాత కూడా ఆ చట్టం పుస్తకాల్లో కొనసాగింది.

ఇటువంటి పట్టిక ఒక పూర్వికుని గురించి ఏమి చెబుతుంది? పేరు, చిరునామా, ఆస్తి చెబుతుంది. ప్రేమ, దుఃఖం, హాస్యం, స్నేహం చెప్పదు. అయినా ఆ చట్టాన్ని మరో విధంగా చదివే వీలుంది. వీలునామా రాయకూడదని నిషేధించారంటే, ఆస్తిని తమవారనుకున్నవారికి అప్పగించే వ్యవహారం శాసనకర్తల దృష్టికి వచ్చిందన్న మాట. దత్తతను నిషేధించారంటే, రక్తసంబంధం లేకుండా కుటుంబాలు ఏర్పడే అవకాశాన్ని వారు గుర్తించి భయపడ్డారన్న మాట. ఆ కుటుంబాల స్వరూపం మనకు తెలియదు. వాటిని చెరిపివేయాలనుకున్న చేతిరాత మాత్రం మిగిలింది.

అట్లాంటిక్ బానిస వ్యాపారంలో మరణించిన బాలికల గురించి పరిశోధించిన సాదియా హార్ట్‌మన్‌కు సరిగ్గా ఇటువంటి సమస్యే ఎదురైంది. హింసించినవారి లెక్కల పుస్తకాలే ఆ బాలికలకు మిగిలిన ఆధారాలు. 2008లో ప్రచురించిన 'వీనస్ ఇన్ టు యాక్ట్స్' అనే వ్యాసంలో ఆమె 'విమర్శాత్మక కల్పన' అనదగిన పద్ధతిని ప్రతిపాదించారు. దొరికిన పత్రాలను క్షుణ్ణంగా చదివి, అవి చెప్పనిదాన్ని ఊహించడం, అదే సమయంలో ఆ ఊహకు గల హద్దును పాఠకునికి చూపడం ఈ పద్ధతి సారాంశం. 2019 నాటి 'వేవార్డ్ లైవ్స్, బ్యూటిఫుల్ ఎక్స్‌పెరిమెంట్స్' గ్రంథంలో ఆమె ఈ పద్ధతిని ఇరవయ్యో శతాబ్దారంభపు న్యూయార్క్, ఫిలడెల్ఫియా నగరాల నల్లజాతి యువతుల జీవితాలకు అన్వయించారు. వారిలో స్త్రీలను ప్రేమించిన స్త్రీలూ, పురుషవేషంలో జీవించినవారూ ఉన్నారు.

హార్ట్‌మన్ ఈ పద్ధతికి పేరు పెట్టడానికి పన్నెండేళ్ళ ముందే ఒక చలనచిత్ర దర్శకురాలు దాదాపు ఇదే పని చేసి చూపించారు.

3. లేని పూర్వికురాలిని సృష్టించడం - 'ది వాటర్‌మెలన్ వుమన్':

షెరిల్ డున్యే 1996లో నిర్మించిన 'ది వాటర్‌మెలన్ వుమన్'లో ప్రధాన పాత్ర పేరు కూడా షెరిల్. ఆ పాత్రను దర్శకురాలే పోషించారు. ఫిలడెల్ఫియాలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణంలో పనిచేసే ఈ నల్లజాతి లెస్బియన్ యువతి 1930ల నాటి ఒక చిత్రంలో దాసి పాత్ర వేసిన నటిని చూసి ఆకర్షితురాలవుతుంది. తెరపై నటి పేరుకు బదులు 'వాటర్‌మెలన్ వుమన్' అని మాత్రమే ఉంటుంది. ఆమె ఎవరో తెలుసుకోవడమే ఇక కథ.

షెరిల్ తన తల్లిని అడుగుతుంది. గ్రంథాలయంలో వెదుకుతుంది. స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే అభిలేఖాగారానికి వెళ్తుంది. అక్కడ ఛాయాచిత్రాలు వర్గీకరణ లేకుండా పెట్టెల్లో పడివుంటాయి. క్రమంగా ఆ నటి పేరు ఫే రిచర్డ్స్ అని, ఒక శ్వేతజాతి దర్శకురాలితో ఆమెకు ప్రేమసంబంధం ఉండేదని, తరువాతి కాలంలో జూన్ వాకర్ అనే నల్లజాతి స్త్రీతో చాలా ఏళ్ళు కలిసి జీవించిందని తెలుస్తుంది. చిత్రం చివర తెరపై ఒక ప్రకటన కనిపిస్తుంది. కొన్నిసార్లు మన చరిత్రను మనమే సృష్టించుకోవాలని, ఈ కథ కల్పితమని దాని సారాంశం. ఫే రిచర్డ్స్ అనే నటి ఎన్నడూ లేదు.

ఈ చిత్రం కోసం ఛాయాచిత్రకారిణి జోయీ లియొనార్డ్ 1993-96 మధ్య 'ది ఫే రిచర్డ్స్ ఫోటో ఆర్కైవ్'ను రూపొందించారు. అందులో 78 నలుపు-తెలుపు చిత్రాలు, 4 వర్ణచిత్రాలు ఉన్నాయి. ఫే రిచర్డ్స్ యౌవనం, చిత్రసీమ జీవితం, స్నేహితురాళ్ళతో గడిపిన సాయంకాలాలు, వార్ధక్యం వాటిలో వరుసగా కనిపిస్తాయి. ఆయా కాలాల కెమెరా కోణాలు, వస్త్రధారణ అనుకరించి, కాగితం పాతబడినట్లు, అంచులు చిరిగినట్లు చేసి, టైపు చేసిన వివరణలు జతపరిచారు. చూసేవారికి అది ఏదో ఇంటి అటకమీద దొరికిన ఆల్బమ్ అనిపిస్తుంది.

ఇక్కడ మూడు అంశాలు గమనార్హం.

మొదటిది, కల్పన ఏ ఖాళీలో నిలిచిందన్నది. తొలినాటి హాలీవుడ్ చిత్రాల్లో నల్లజాతి నటీనటుల పేర్లు తెరపై వేయకపోవడం సాధారణం. ఫే రిచర్డ్స్ కల్పితమైనా, ఆమె పేరును మాయం చేసిన ఆచారం కల్పితం కాదు. ఒక కల్పిత జీవితాన్ని నిర్మించడం ద్వారా చిత్రం ఎందరివో నిజజీవితాలు నమోదు కాని తీరును ప్రత్యక్షం చేసింది.

రెండోది, వారసత్వం గురించిన వివాదం. దర్శకురాలి సోదరి ఆ ప్రేమసంబంధాన్ని అసలే ఒప్పుకోదు. జూన్ వాకర్ మాత్రం వేరే కారణంతో ఆగ్రహిస్తుంది. ఫే జీవితాన్ని శ్వేతజాతి దర్శకురాలి ప్రేమకథగా కుదించవద్దని, తామిద్దరం కలిసి నిర్మించుకున్న ఇంటిని గుర్తించమని ఆమె అభిప్రాయం. పూర్వికురాలు దొరికినంత మాత్రాన ఆమెను ఎలా స్మరించాలన్న ప్రశ్న తీరిపోదని దీనివల్ల తెలుస్తుంది.

మూడోది, నిజాయితీ. చివరి ప్రకటన లేకపోతే ఈ చిత్రం ఒక దొంగ దస్తావేజు అయ్యేది. నమ్మించడం ఎంత అవసరమో, ఆ నమ్మకాన్ని తానే విప్పి చూపడం కూడా అంతే అవసరమని డున్యే గుర్తించారు. 2021లో ఈ చిత్రం అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేరింది. కల్పిత అభిలేఖాగారం గురించిన చిత్రం ఆ విధంగా తానే నిజమైన అభిలేఖాగారంలో భాగమైంది.

4. ఉన్న ఆధారాలను తిరిగి చదవడం - 'ఫన్ హోమ్':

డున్యేకు ఎదురైనది ఆధారాల లేమి. ఏలిసన్ బెక్‌డెల్ పరిస్థితి ఇందుకు భిన్నమైనది. ఆమె ఇంట్లో ఉత్తరాలు, ఛాయాచిత్రాలు, డైరీలు పుష్కలంగా ఉన్నాయి. వాటిని ఎలా చదవాలన్నదే సమస్య.

ఆమె తండ్రి బ్రూస్ బెక్‌డెల్ పెన్సిల్వేనియాలోని బీచ్ క్రీక్ అనే చిన్న ఊళ్ళో ఉన్నత పాఠశాల ఆంగ్ల ఉపాధ్యాయుడు. వంశపారంపర్యంగా వచ్చిన అంత్యక్రియల సంస్థను కూడా నిర్వహించేవాడు. ఆంగ్లంలో దాన్ని పిలిచే 'ఫ్యూనరల్ హోమ్' అనే మాటను పిల్లలు 'ఫన్ హోమ్' అని కుదించుకున్నారు. కళాశాలలో చదువుతున్న ఏలిసన్ తాను లెస్బియన్‌నని తల్లిదండ్రులకు ఉత్తరం రాసిన తరువాతే, తండ్రికి పురుషులతో సంబంధాలు ఉండేవని తల్లి ద్వారా ఆమెకు తెలిసింది. కొద్ది నెలల్లోనే, 1980లో, బ్రూస్ రోడ్డు దాటుతూ ట్రక్కు కింద పడి మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 44. అది ప్రమాదమా, ఆత్మహత్యా అన్నది తేలలేదు.

వంశవృక్షం గీస్తే బ్రూస్ దగ్గర ఏ ఖాళీ కనిపించదు. భార్య, ముగ్గురు పిల్లలు, వృత్తి, ఇల్లు, అన్నీ సక్రమంగా ఉన్నాయి. గీత ఆగిపోవడం మాత్రమే క్వియర్ చరిత్రకు గుర్తు కాదని, నిండుగా కనిపించే పటం కూడా మౌనాన్ని దాచగలదని ఈ గ్రంథం నిరూపిస్తుంది.

గ్రంథం నడిమధ్యలో ఒక ఛాయాచిత్రాన్ని బెక్‌డెల్ రెండు పుటల నిండుగా గీశారు. పిల్లల సంరక్షణకు వచ్చే ఒక యువకుడు సెలవుల ప్రయాణంలో హోటల్ గది పడకమీద పడుకొని ఉన్న చిత్రం అది. తండ్రే తీశాడు. అంచున ముద్రితమైన నెలను వదిలి, సంవత్సరాన్ని మాత్రం సిరాతో కప్పాడు. చించివేయలేదు, దాచివేయలేదు, కుటుంబ ఛాయాచిత్రాల మధ్యనే ఉంచాడు. సగం చెరిపిన ఆ తేదీని బెక్‌డెల్ తండ్రి స్వభావానికి ప్రతీకగా చదివారు. పరిశోధకులకు ఇది ముఖ్యమైన పాఠం: ఒక పత్రంలోని విషయాన్నే కాక, దాన్ని దాచిన తీరును, చెరిపిన తీరును, ఏ కవరులో ఉంచారన్నదాన్ని కూడా చదవాలి.

బెక్‌డెల్ ఆ ఛాయాచిత్రాన్ని యథాతథంగా ముద్రించక చేతితో తిరిగి గీయడం గమనించదగినది. గ్రంథమంతటా ఉత్తరాలు, పటాలు, నిఘంటువు పుటలు, డైరీ పుటలు ఇదే విధంగా చేతిగీతలుగా కనిపిస్తాయి. అంతేకాదు, ఆయా పాత్రల భంగిమల్లో తానే నిలబడి ఛాయాచిత్రాలు తీసుకొని, వాటి ఆధారంగా బొమ్మలు గీశారు. అంటే, తండ్రి ఎలా కూర్చున్నాడో, ఎలా వంగాడో తన శరీరంతో అనుసరించిన తరువాతే ఆయన బొమ్మ గీశారు. పత్రాన్ని కళ్ళతో చదవడానికీ, చేతితో తిరిగి రాయడానికీ గల భేదం ఇక్కడ పద్ధతిగా మారింది. తిరిగి గీసిన ప్రతి పత్రం మూలాన్ని చూపుతూనే, అది ఒక కుమార్తె చూపులోంచి వచ్చిందని కూడా చెబుతుంది.

అనిశ్చయాన్ని నమోదు చేసే తీరు మరొకటి. పదేళ్ళ వయస్సులో ఆమె తన డైరీ వాక్యాల మధ్య 'నేను అనుకుంటున్నాను' అని చేర్చడం మొదలుపెట్టింది. తాను రాసినది నిజమేనని ఎలా చెప్పగలననే సందేహం ఆ బాలికది. ఆ మాట క్రమంగా ఒక చిన్న గుర్తుగా మారి, చివరకు పూర్తి పుటలను కప్పివేసింది. పెద్దయ్యాక బెక్‌డెల్ ఆ డైరీని నిజాయితీగల సాక్ష్యంగా గ్రంథంలో ప్రవేశపెట్టారు. కుటుంబచరిత్ర రచయితకు కావలసిన ప్రధాన లక్షణం ఈ గుర్తులోనే ఉంది.

5. రక్తసంబంధానికి వెలుపలి పూర్వికులు:

పై రెండు రచనల్లో ఒకటి కల్పిత పూర్వికురాలిని, రెండోది కన్నతండ్రిని వెదికింది. మూడో మార్గం 'పూర్వికుడు' అన్న పదానికే అర్థాన్ని విస్తరిస్తుంది.

ఆడ్రి లార్డ్ 1982లో వెలువరించిన 'జామీ'ని 'బయోమిథోగ్రఫీ' అన్నారు. జీవితచరిత్ర, పురాణం, చరిత్ర మూడూ కలిసిన ప్రక్రియగా దాన్ని అర్థం చేసుకోవచ్చు. ఆమె తల్లి మూలాలు కరీబియన్ సముద్రంలోని కారియాకు ద్వీపంలో ఉన్నాయి. చిన్ననాడు లార్డ్ చూసిన పటాల్లో ఆ ద్వీపం కనిపించలేదు. తల్లి మాటల్లో మాత్రమే అది ఉండేది. స్నేహితురాళ్ళుగా, ప్రేయసులుగా కలిసి పనిచేసుకునే స్త్రీలకు ఆ ద్వీపంలో వాడే మాటనే ఆమె గ్రంథనామంగా ఎంచుకున్నారు. తన ప్రేమలు తల్లి జన్మభూమికి పరాయివి కావని, అక్కడి నుంచే వచ్చాయని ఆ శీర్షిక సూచిస్తుంది.

భారతీయ సందర్భంలో హిజ్రా సమూహాల గురు-చేలా వ్యవస్థ ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ. పుట్టిన కుటుంబం నుంచి బయటికి వచ్చిన వ్యక్తి ఒక గురువుకు చేలాగా చేరుతుంది. గురువుకు గురువు నాని అవుతుంది, చేలాకు చేలా మనుమరాలి వరుస అవుతుంది. ఘరానాల పేర్లు, మర్యాదలు, మరణానంతర కర్తవ్యాలు ఈ వరుసల ప్రకారమే నడుస్తాయి. హైదరాబాద్, సికింద్రాబాద్ హిజ్రాల జీవితంపై గాయత్రీ రెడ్డి 2005లో ప్రచురించిన మానవశాస్త్ర గ్రంథం ఈ బంధుత్వాన్ని సవివరంగా పరిచయం చేసింది. 1871 చట్టం దత్తతను, వీలునామాను ఎందుకు నిషేధించిందో ఈ వ్యవస్థను చూస్తే అర్థమవుతుంది.

మహాలయ పక్షంలో చేసే తర్పణంలో గురువుకు, ఆచార్యునికి, శిష్యునికి, మిత్రునికి కూడా స్థానం ఉందన్న విషయం ఇక్కడ స్మరణీయం. రక్తసంబంధం లేనివారిని పితృస్థానంలో స్మరించే అవకాశం సంప్రదాయంలోనే ఉంది. కాబట్టి గురుపరంపరను వంశంగా పరిగణించడం మనకు కొత్త ఊహ కాదు.

ఈ పరంపరకు ఆత్మకథ ఎలా తోడ్పడుతుందో ఎ. రేవతి రచన తెలియజేస్తుంది. తమిళనాడుకు చెందిన రేవతి జీవితకథ వి. గీత ఆంగ్లానువాదంలో 2010లో వెలువడింది. పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ' పేరుతో తెలుగులోకి తెచ్చి, 2019 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాదెమీ అనువాద పురస్కారం పొందారు. కన్నవారి ఇంటికి, గురువుల ఇళ్ళకు మధ్య రేవతి ప్రయాణం ఇందులో ప్రధానం. రెండు వంశాల మధ్య నిలిచిన ఒక మనిషి వాటిని ఒకే పుస్తకంలో నమోదు చేయడం ఈ ఆత్మకథ విశిష్టత.

ప్రదర్శన కళల్లో మంజమ్మ జోగతి మరో ఉదాహరణ. ఎల్లమ్మకు అంకితమైన జోగతులలో చేరిన ఆమె కాళవ్వ జోగతి వద్ద జోగతి నృత్యం నేర్చుకున్నారు. తరువాత కర్ణాటక జానపద అకాడమీ అధ్యక్షురాలిగా పనిచేసి, 2021లో పద్మశ్రీ స్వీకరించారు. ఇక్కడ వారసత్వంగా వచ్చినది భూమి కాదు, నృత్యం. ఎల్లమ్మ ఆరాధన విస్తృతంగా ఉన్న తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల్లోనూ ఇటువంటి కళాపరంపరలను వంశచరిత్రలుగా అధ్యయనం చేయవలసి ఉంది.

6. పరిమితులు, ప్రమాదాలు:

పూర్వికుల కోసం పడే ఆరాటం పరిశోధకులను తొందరపాటు వైపు నెట్టగలదు. తెలుగు రంగస్థలంపై స్థానం నరసింహారావు, కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ స్త్రీపాత్రలకు సుప్రసిద్ధులు. స్త్రీవేషం ధరించినంత మాత్రాన వారిని క్వియర్ పూర్వికులుగా ప్రకటించడం శాస్త్రీయం కాదు. స్త్రీవేషం ఒక నాట్యసంప్రదాయం. నటుని అంతరంగానికి అది సాక్ష్యం కాజాలదు. కూచిపూడి గ్రామంలో స్త్రీవేషం బ్రాహ్మణ పురుషత్వాన్ని ప్రశ్నించడానికి బదులు ప్రతిష్ఠించడానికే ఎక్కువగా తోడ్పడిందని హర్షిత మృత్యింటి కామత్ 2019 నాటి తన గ్రంథంలో విశ్లేషించారు. పైకి సమానంగా కనిపించే రెండు ఆచారాల వెనుక అధికార సంబంధాలు వేరువేరుగా ఉండవచ్చు.

రెండో ప్రమాదం ఆదర్శీకరణ. బ్రూస్ సంబంధాలలో కొన్ని కౌమార వయస్కులైన విద్యార్థులతో ముడిపడినవి. బెక్‌డెల్ ఆ విషయాన్ని దాచలేదు, సమర్థించలేదు. పూర్వికుడు బాధితుడైనంత మాత్రాన నిర్దోషి కానవసరం లేదు. నిందాపూర్వకమైన మౌనానికి ప్రతిగా స్తుతిపాఠం రాస్తే కుటుంబచరిత్రకు జరిగే మేలు స్వల్పం.

మూడోది గోప్యత. మరణించినవారు తమ జీవితాన్ని దాచుకున్నది భయంతోనా, ఇష్టంతోనా అన్నది ఎల్లప్పుడూ తెలియదు. వారి భార్యలు, భర్తలు, పిల్లలు జీవించి ఉంటే ఆ ప్రశ్న మరింత జటిలమవుతుంది. పేర్లు మార్చడం, ఊరు చెప్పకపోవడం, ప్రచురణకు ముందు కుటుంబసభ్యులకు చూపడం వంటి పద్ధతులు కొంతవరకు ఉపకరిస్తాయి. ఈ విషయంలో కల్పనకు ఒక ప్రత్యేక ప్రయోజనం ఉంది. నిజమైన వ్యక్తిని బహిర్గతం చేయకుండానే అతని పరిస్థితిని అది వివరించగలదు.

7. తెలుగు కుటుంబచరిత్రకు అన్వయం:

మన ఇళ్ళలో ఇటువంటి అన్వేషణ ఎక్కడ మొదలుపెట్టాలి? వీలునామాలు, పంపక దస్తావేజులు, బీమా పత్రాల్లోని నామినీ పేర్లు, ఉత్తరాలు, తీర్థయాత్రల్లో తీయించుకున్న ఫోటోలు మొదటి వర్గం ఆధారాలు. బంధువు కాని వ్యక్తి పేరు వీటిలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తే ఆగి పరిశీలించాలి. దానికి స్నేహం, ఋణం, కృతజ్ఞత వంటి అనేక కారణాలు ఉండవచ్చునన్న ఎరుక కూడా అవసరం.

ఇంటి మాటలు రెండో వర్గం. "పెళ్ళి కలిసిరాలేదు", "ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు", "అదో రకం మనిషి", "వాళ్ళిద్దరూ ఒకే కంచంలో తినేవాళ్ళు" వంటి వాక్యాలు కుటుంబాల్లో తరతరాలుగా వినబడుతుంటాయి. ఇవి తీర్మానాలు కావు. సంభాషణ ఆగిపోయిన చోట్లు. పెద్దవారిని అడిగేటప్పుడు 'ఆయన అటువంటివాడా?' అన్న ప్రశ్న తలుపు మూసేస్తుంది. 'ఆయనకు జబ్బు చేసినప్పుడు ఎవరు చూసుకునేవారు?', 'ఆయన పెట్టె, బట్టలు తరువాత ఎవరు తీసుకున్నారు?' వంటి ప్రశ్నలకు జవాబులు రావచ్చు.

ఈ రెండు వర్గాల తరువాతే ఊహ ప్రవేశించాలి. దొరికినది, విన్నది, ఊహించినది అనే మూడు పొరలు రచనలో వేరువేరుగా కనిపించాలి. ఇందుకు అనువైన రూపాలు మన సంప్రదాయంలోనే ఉన్నాయి. బుర్రకథలో కథకునికి ఇరువైపులా వంతలు ఉంటారు. వారు కథను మధ్యలో ఆపి ప్రశ్నిస్తారు, హాస్యమాడతారు, వర్తమానాన్ని గుర్తుచేస్తారు. ఒక కుటుంబకథను ఈ రూపంలో చెబితే, కథకుడు దొరికిన సంగతిని చెబుతుండగా 'ఇది నీకెలా తెలుసు?' అని వంత అడగగలడు. బెక్‌డెల్ డైరీలోని సందేహపు గుర్తు చేసే పనిని ఇక్కడ వంత ప్రశ్న చేస్తుంది. పాత చీరలతో కుట్టే బొంత మరో రూపం. అమ్మమ్మ చీర ముక్క పక్కన కొత్త గుడ్డ అతికినప్పుడు రెండింటి మధ్య కుట్టు కనిపిస్తూనే ఉంటుంది. ఆధారం ఎక్కడ ముగిసి ఊహ ఎక్కడ మొదలైందో ఆ కుట్టు దాచదు.

కళాశాల స్థాయిలో విద్యార్థులకు ఇటువంటి అభ్యాసం ఇచ్చేటప్పుడు సొంత కుటుంబం గురించే రాయాలన్న నిబంధన ఉండకూడదు. తన అస్తిత్వాన్ని ఇంకా ఎవరికీ చెప్పని విద్యార్థికి అది ప్రమాదకరం కావచ్చు. ఒక పాత ఛాయాచిత్రాన్నో, ముద్రిత ఆత్మకథనో ఎంచుకునే స్వేచ్ఛ ఇవ్వాలి.

8. ముగింపు:

వివాహం, సంతానం, ఆస్తి ఆధారంగా గీసిన వంశవృక్షం అబద్ధం చెప్పదు. తనను అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతుంది. పోలీసు పట్టిక కూడా అంతే. సృజనాత్మక కళలు ఆ ప్రశ్నలను మార్చాయి. డున్యే లేని ఆల్బమ్‌ను నిర్మించి, అది ఎందుకు లేదో చూపారు. బెక్‌డెల్ ఉన్న ఆల్బమ్‌ను తిరిగి గీసి, అందులో ఏమి చెరిపారో చూపారు. లార్డ్, రేవతి, మంజమ్మ తమ పూర్వికులు ఎవరన్నది తామే నిర్ణయించుకున్నారు. వీరిలో ఏ ఒక్కరూ ఊహను వాస్తవంగా చలామణి చేయలేదు. ఈ పద్ధతికి విశ్వసనీయత అందువల్లనే కలిగింది.

ఈ సమస్య గతానికే పరిమితం కాదు. పరస్పర అంగీకారంతో వయోజనుల మధ్య ఉండే స్వలింగ సంబంధాలు నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అయితే స్వలింగ వివాహాలకు చట్టబద్ధత కల్పించడానికి 2023 అక్టోబరు 17న అదే న్యాయస్థానం నిరాకరించింది. కాబట్టి నేడు ఒకే కప్పు కింద జీవిస్తున్న ఎన్నో జంటలు రేపటి రికార్డుల్లో 'స్నేహితులు'గానే మిగలవచ్చు. వారి ఉత్తరాలను, ఛాయాచిత్రాలను, మౌఖిక కథనాలను వారి అనుమతితో ఇప్పుడే సేకరించి భద్రపరచగలిగితే, రాబోయే పరిశోధకులు ఊహ మీద ఆధారపడవలసిన అవసరం కొంతైనా తగ్గుతుంది.